2024-25 ఎంవీపీ: షేకి దక్కింది సరే, యోకిచ్‌కి ఎందుకు దక్కలేదు?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు)

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో రెండు సీజన్లను పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు ఒక సందేహం తీరడం లేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2016-17లో ఓక్లహోమా సిటీ థండర్ గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) రస్సెల్ వెస్ట్‌బ్రూక్ మ్యాచ్‌కు సగటున 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), 10.4 అసిస్ట్‌లు (సహచరుడి బుట్టకు దారితీసే పాస్‌లు) సాధించాడు. ఆ జట్టు 82 మ్యాచ్‌లలో 47 గెలిచి పశ్చిమ విభాగంలో ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. అయినా ఎంవీపీ (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం) అతనికే ఇచ్చారు. 2024-25లో డెన్వర్ నగ్గెట్స్ సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) నికోలా యోకిచ్ సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్ట్‌లు సాధించాడు. ఆ జట్టు 50 గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. ఈసారి పురస్కారం అదే ఓక్లహోమా సిటీకి చెందిన షే గిల్జస్-అలెగ్జాండర్‌కు వెళ్లింది.

ఎన్‌బీఏ చరిత్రలో సీజన్ మొత్తానికి ట్రిపుల్ డబుల్ సగటు (ఈ మూడు విభాగాల్లోనూ మ్యాచ్‌కు పది, ఆపైన) సాధించినవారు ముగ్గురే: ఆస్కార్ రాబర్ట్‌సన్, వెస్ట్‌బ్రూక్, యోకిచ్. వారిలో సెంటర్ స్థానంలో ఆడేవాడు యోకిచ్ ఒక్కడే. వెస్ట్‌బ్రూక్ కంటే మెరుగైన షూటింగ్ శాతంతో, ఎక్కువ విజయాలతో అదే పని చేసినవాడు రెండో స్థానంలో ఎందుకు మిగిలిపోయాడు? షే అనర్హుడని నేను అనడం లేదు. ఓటు వేసేవారు ఏ కొలతతో కొలుస్తున్నారో తెలుసుకోవాలని మాత్రమే అడుగుతున్నాను.

అంకెల అప్పారావు

కృష్ణాతీరం గారూ, కొలత సంగతికి ముందు ఓట్ల లెక్క చూద్దాం, ఎందుకంటే అందులోనే సగం జవాబు ఉంది. ఓటు వేసే ప్రతి పాత్రికేయుడు ఐదుగురి పేర్లు వరుసగా రాయాలి. మొదటి పేరుకు 10 పాయింట్లు, తరువాత వరుసగా 7, 5, 3, 1. ఈసారి 100 మంది ఓటు వేశారు. షేకి 71 మొదటి స్థానం ఓట్లు, మొత్తం 913 పాయింట్లు వచ్చాయి. యోకిచ్‌కి 29 మొదటి స్థానం ఓట్లు, 787 పాయింట్లు వచ్చాయి.

ఇప్పుడు కాగితం మీద వేసి చూడండి. 71 మంది ఇచ్చిన 710కి మిగిలిన 29 మంది ఇచ్చిన 203 కలిపితే సరిగ్గా 913 అవుతుంది. యోకిచ్‌కి 290, 497 కలిపితే సరిగ్గా 787. అంటే నూరుగురిలో ఒక్కరు కూడా ఈ ఇద్దరిలో ఎవరినీ మూడో స్థానానికి దించలేదు. యోకిచ్‌ను ఎవరూ చిన్నచూపు చూడలేదన్నది దీన్నిబట్టి స్పష్టం.

2017లో లెక్క ఇంత శుభ్రంగా లేదు. అప్పుడు 101 ఓట్లు, అందులో ఒకటి అభిమానులది. వెస్ట్‌బ్రూక్‌కు 69 మొదటి స్థానం ఓట్లు, 888 పాయింట్లు. మిగిలిన 32 మంది రెండో స్థానమైనా ఇచ్చి ఉంటే 914 రావాలి. రాలేదంటే కొందరు అతన్ని మూడో స్థానానికో అంతకంటే కిందికో నెట్టారన్నమాట. జేమ్స్ హార్డెన్‌కు 22, కవాయ్ లెనర్డ్‌కు 9, లెబ్రాన్ జేమ్స్‌కు 1 మొదటి స్థానం ఓటు పడ్డాయి. అంత చీలిన పోటీలో గెలవడం ఒక విషయం, ఇద్దరే మిగిలిన పోటీలో ఓడడం మరో విషయం.

ఉదయం ఆరున్నర

అప్పారావు గారి లెక్క బాగుంది. నేను షే పక్షాన మాట్లాడతాను, ఎందుకంటే ఈ వేదికలో యోకిచ్ అభిమానులే ఎక్కువ.

థండర్ ఆ సీజన్‌లో 68 గెలిచి 14 ఓడింది. విజయాల సంఖ్య కంటే నన్ను ఆశ్చర్యపరిచింది పాయింట్ల తేడా. మ్యాచ్‌కు సగటున 12.9 పాయింట్ల ఆధిక్యం; 1971-72 లాస్ ఏంజెలెస్ లేకర్స్ పేరిట యాభై ఏళ్లకు పైగా నిలిచిన రికార్డు దాంతో చెరిగిపోయింది. అటువంటి జట్టుకు మూలస్తంభంగా నిలిచి, 32.7 పాయింట్లతో లీగ్‌లోనే అగ్రస్థానంలో ఉన్నవాడు షే. పైగా 76 మ్యాచ్‌లు ఆడాడు. నాలుగు సార్లు యాభై, ఆపైన కొట్టాడు.

“అతని చుట్టూ మంచి జట్టు ఉంది కదా” అనే మాట వస్తుందని తెలుసు. అందుకే నవంబరు నెల గుర్తు చేస్తాను. చెట్ హోల్మ్‌గ్రెన్ తుంటి ఎముక విరిగి నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. సీజన్ మొత్తంలో అతను ఆడింది 32 మ్యాచ్‌లే. ఐజాయా హార్టెన్‌స్టైన్ చేతి గాయంతో అప్పటికింకా బరిలోకే దిగలేదు. పొడగరి సెంటర్ ఎవరూ మిగలక, నిజానికి వింగ్ స్థానంలో (మైదానం పక్కల) ఆడే జేలెన్ విలియమ్స్‌ను సెంటర్‌గా నిలబెట్టి మ్యాచ్‌లు మొదలుపెట్టారు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఆ మ్యాచ్‌లు చూసినవారికి తెలుసు, ఆ రోజుల్లో జట్టు కుంగిపోకపోవడానికి కారణం ఎవరో.

డల్లాస్ బాబాయి

మా ఊరి నుంచి ఓక్లహోమా సిటీ కారులో మూడు గంటల ప్రయాణం కాబట్టి ఆ సీజన్‌లో వీలు చిక్కినప్పుడల్లా వెళ్లి చూశాను. టీవీలో సరిగా కనబడనిది ఒకటి చెబుతాను. అక్కడ థండర్ మొదటి బుట్ట పడేవరకు ప్రేక్షకులు ఎవరూ కూర్చోరు. ఆ మొదటి బుట్ట ఎక్కువ సార్లు ఎలా పడుతుందంటే, షే బంతి పట్టుకుని కుడివైపు నెమ్మదిగా కదులుతాడు. ఎదుటివాడు వెనక్కి అడుగు వేసేదాకా ఆగుతాడు. ఫ్రీ త్రో (ఫౌల్‌కు దక్కే అడ్డులేని షాట్) గీత మూల దగ్గర టక్కున నిలిచిపోయి, కాపలాదారు ఇంకా వెనక్కి జారుతుండగానే తీరిగ్గా షాట్ వేస్తాడు. ఎంత వేగంగా కదిలాడన్నది కాదు, ఎంత హఠాత్తుగా ఆగాడన్నదే అక్కడ కిటుకు. ఈ పని తెలిసినవారు లీగ్‌లో చాలామంది ఉన్నారు కానీ రాత్రి తరువాత రాత్రి 52 శాతం దరిదాపు షూటింగ్‌తో చేసే గార్డులు మాత్రం అరుదు.

ఇంకొక మాట. నేను చూసిన మ్యాచ్‌లలో కొన్నింట నాలుగో క్వార్టర్‌లో అతను భుజాన తువ్వాలుతో బెంచీ మీదే కూర్చున్నాడు, ఎందుకంటే మ్యాచ్ అప్పటికే ముగిసినట్టే. అతని సగటు ఆట సమయం 34 నిమిషాలకు కాస్త ఎక్కువ, యోకిచ్‌ది 37కు దగ్గర. ఆ మిగిలిన నిమిషాలు కూడా ఆడి ఉంటే అంకెలు ఇంకా పెరిగేవి. గెలుపు ముందే ఖాయం చేసినందుకు అంకెలలో శిక్ష పడకూడదు కదా.

మూడో క్వార్టర్

బాబాయి గారూ, మీ వాదనను తిప్పి చూస్తే అదే యోకిచ్ పక్షాన నిలబడుతుంది. షే బెంచీ మీద కూర్చున్నా థండర్ ఆధిక్యం కరగలేదు. యోకిచ్ బెంచీ మీద కూర్చుంటే డెన్వర్ ఆధిక్యం నిమిషాల్లో ఆవిరైపోయేది. ఆ సీజన్ చూసినవారెవరికీ దీనికి ఆధారాలు అక్కర్లేదు. అతను విశ్రాంతికి వెళ్లిన ప్రతిసారీ డెన్వర్ అభిమానులు గడియారం వంక చూసేవారు.

2025 ఏప్రిల్ 1న మిన్నెసోటాతో డెన్వర్‌లో జరిగిన మ్యాచ్ తీసుకోండి. డెన్వర్ గార్డ్ జమాల్ మరే ఆ రోజు ఆడలేదు. యోకిచ్ దాదాపు 53 నిమిషాలు ఆడి 61 పాయింట్లు, 10 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లు సాధించాడు. రెండు అదనపు సమయాలకు వెళ్లిన ఆ మ్యాచ్ చివరి క్షణాల్లో డెన్వర్ ఒక్క పాయింట్ ముందుంది. ఎదురు లేని పరుగులో వెస్ట్‌బ్రూక్ తేలికైన లేఅప్ (బుట్ట దగ్గరి షాట్) తప్పించాడు, ఆపైన మరో కొసన మూడు పాయింట్ల షాట్ వేస్తున్న నికీల్ అలెగ్జాండర్-వాకర్‌ను ఫౌల్ చేశాడు. గడియారంలో సెకనులో పదో వంతు మిగిలి ఉండగా అలెగ్జాండర్-వాకర్ రెండు ఫ్రీ త్రోలు బుట్టలో వేశాడు. 140-139, మిన్నెసోటా గెలుపు.

కృష్ణాతీరం గారి పోలికలో ఉన్న ఇద్దరూ ఆ రాత్రి ఒకే జట్టు చొక్కా వేసుకుని ఉన్నారన్నది గమనించండి. ఆ ఫ్రీ త్రోలు వేసినవాడు షేకి కజిన్ కావడం మరో విచిత్రం. అంతకు ముందు మార్చి 7న ఫీనిక్స్ మీద యోకిచ్ 31 పాయింట్లు, 21 రీబౌండ్లు, 22 అసిస్ట్‌లు సాధించాడు. ఒకే మ్యాచ్‌లో 30-20-20 అంతకు ముందు విల్ట్ చాంబర్లిన్‌తో సహా ఎవరికీ సాధ్యపడలేదు.

డెన్వర్ యాజమాన్యం చేసిన పని చూడండి. సీజన్‌లో మూడు మ్యాచ్‌లే మిగిలి ఉండగా ఏప్రిల్ 8న కోచ్ మైఖేల్ మలోన్‌ను, జనరల్ మేనేజర్‌ను ఒకేసారి తొలగించింది. అంత గందరగోళంలో 50 విజయాలు ఎలా వచ్చాయని అడగాలి గానీ, 50 మాత్రమేనా అని అడగడం న్యాయం కాదు.

సీమ గార్డ్

అందరూ మొహమాటపడుతున్న మాట నేను అనేస్తాను. షే పాయింట్లలో పెద్ద భాగం ఫ్రీ త్రో గీత దగ్గర నుంచి వచ్చినవే. చేయి తగిలీ తగలక ముందే ఒరిగిపోతాడు, రిఫరీ ఈల వేస్తాడు. దీనికి ఎంవీపీ ఏమిటి?

అంకెల అప్పారావు

సీమ గార్డ్ గారూ, ఒరగడం నిజమే, నాకూ నచ్చదు. కానీ అంకెలు చూడండి. షే మ్యాచ్‌కు సగటున 8.8 ఫ్రీ త్రోలు వేశాడు. అదే సీజన్‌లో మిల్వాకీ ఆటగాడు యానిస్ అంటెటోకున్‌పో 10.6 వేశాడు. 2016-17లో హార్డెన్ 10.9, వెస్ట్‌బ్రూక్ 10.4 వేశారు. బంతి పట్టుకుని రోజంతా బుట్ట వైపు దూసుకెళ్లే ఆటగాడికి ఫ్రీ త్రోలు రావడం వింత కాదు. వచ్చినవాటిలో 90 శాతం లోపల పడ్డాయి కాబట్టి మనకు ఎక్కువ కనిపిస్తున్నాయి. ఇంకా ముఖ్యమైనది, అంతసేపు బంతి చేతిలో ఉన్నా అతని టర్నోవర్లు (బంతిని ఎదుటి జట్టుకు పోగొట్టుకోవడం) మ్యాచ్‌కు 2.4 మాత్రమే. 2016-17లో హార్డెన్ మొత్తం 464 టర్నోవర్లు, వెస్ట్‌బ్రూక్ 438 చేశారు, అంటే మ్యాచ్‌కు ఐదుకు పైగా. జట్టు గెలుపులో ఈ తేడా విలువ ఎవరూ లెక్కగట్టడం లేదు.

విశాఖ కోచ్

నేను పాఠశాల పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాను కాబట్టి ట్రిపుల్ డబుల్ గురించి నా అభిప్రాయం కొంచెం వేరుగా ఉంటుంది. రెండంకెల సంఖ్య మూడు చోట్ల రావడం చూడముచ్చటగా ఉంటుంది, కానీ అంకె ఒకటే అయినా దాని వెనుక పని ఒకటి కాదు.

2016-17 థండర్ మ్యాచ్‌లు మళ్లీ చూడండి. ఎదుటి జట్టు షాట్ తప్పినప్పుడు థండర్ సెంటర్ స్టీవెన్ ఆడమ్స్ బంతి కోసం ఎగరడు. ఎదుటి పొడగరిని తన వీపుతో అడ్డుకుని బయటికి నెడతాడు, ఖాళీ అయిన చోట వెస్ట్‌బ్రూక్ బంతి అందుకుంటాడు. దీన్ని చాలామంది అంకెల కోసం ఆడిన నాటకం అన్నారు. నేను పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే బంతి నేరుగా వెస్ట్‌బ్రూక్ చేతిలో పడితే ఒక పాస్ మిగులుతుంది, ఎదుటి జట్టు వెనక్కి చేరేలోపే అతను అవతలి బుట్ట దగ్గర ఉంటాడు. ఆ సీజన్‌లో అతను ట్రిపుల్ డబుల్ చేసిన 42 మ్యాచ్‌లలో థండర్ 33 గెలిచింది. అయితే ఆ రీబౌండ్లలో ఆడమ్స్ శ్రమకు కూడా వాటా ఉందని చెప్పక తప్పదు.

యోకిచ్ విషయం వేరు. అతను సెంటర్, రీబౌండ్ అతని సహజమైన పని. అతని దగ్గర అసాధారణమైనది అసిస్ట్. ఫ్రీ త్రో గీత మూల దగ్గర బంతి పట్టుకుని నిలబడతాడు. జమాల్ మరే అతని భుజం పక్క నుంచి పరుగు తీస్తాడు, మరో సహచరుడు ఆరన్ గోర్డన్ బుట్ట వెనుక గీత వెంబడి జరుగుతాడు. యోకిచ్ వీరిలో ఎవరి వైపూ చూడడు. కాపలాదారు తల ఎటు తిరిగిందో చూసి, దానికి ఎదురు దిక్కున బంతి వదులుతాడు. బంతి వచ్చేసరికి గోర్డన్ అప్పటికే గాలిలో ఉంటాడు. నా పిల్లలకు వెస్ట్‌బ్రూక్ వేగం నేర్పలేను, షే ఆగే తీరు కొంతవరకు నేర్పగలను, యోకిచ్ చూపు మాత్రం ఎలా నేర్పాలో నాకు తోచదు.

షూటింగ్ శాతం కూడా చెప్పుకోవాలి. 2016-17లో వెస్ట్‌బ్రూక్ 42.5 శాతం, 2024-25లో యోకిచ్ 57.6 శాతం. కృష్ణాతీరం గారి పోలిక సరైనదే గానీ, రెండు ట్రిపుల్ డబుల్ సీజన్లను ఒకే గాటన కట్టకూడదు. యోకిచ్ సీజన్ చాలా మెరుగైనది, అయినా ఓడింది. అసలు ప్రశ్న అక్కడ మరింత గట్టిపడుతుంది.

కృష్ణాతీరం

కోచ్ గారూ, సరిగ్గా అదే నా బాధ. “విజయాలు తక్కువ, అందుకే ఇవ్వలేదు” అనే సమాధానం ఎందుకు చాలదో ఇంకొక ఉదాహరణతో చెబుతాను. 2021-22లో జమాల్ మరే పూర్తిగా, మైఖేల్ పోర్టర్ జూనియర్ దాదాపు పూర్తిగా దూరమైనప్పుడు డెన్వర్ 48 మ్యాచ్‌లు గెలిచి ఆరో స్థానంలో నిలిచింది. యోకిచ్ 27.1 పాయింట్లు, 13.8 రీబౌండ్లు, 7.9 అసిస్ట్‌లు సాధించాడు. ఫిలడెల్ఫియా ఆటగాడు జోయెల్ ఎంబీడ్ జట్టు 51 గెలిచింది. అయినా 875కు 706 పాయింట్లతో యోకిచ్ గెలిచాడు. మూడేళ్లు తిరిగేసరికి అదే ఆటగాడు రెండు విజయాలు ఎక్కువగా, అసిస్ట్‌లు మరీ ఎక్కువగా సాధించి ఓడిపోయాడు. 48 సరిపోయినచోట 50 ఎందుకు సరిపోలేదు?

ఉదయం ఆరున్నర

సరిపోకపోవడానికి కారణం 50 కాదు, 68. 2022లో అతని పక్కన నిలిచిన పోటీదారు జట్టుకు మూడు విజయాలే ఎక్కువ. 2025లో పద్దెనిమిది ఎక్కువ. 2017లో హార్డెన్ హ్యూస్టన్ 55 గెలిచింది, వెస్ట్‌బ్రూక్ జట్టు కంటే ఎనిమిది ఎక్కువ. ఎనిమిది విజయాల తేడాను 42 ట్రిపుల్ డబుల్స్‌తో పూడ్చవచ్చు, పద్దెనిమిదిని పూడ్చడం కష్టం. ఏ ఆటగాడి సీజన్ ఎంత గొప్పదన్నది ఒంటరిగా తేలదు, ఆ ఏడాది అతని పక్కన ఎవరున్నారన్నదే తేలుస్తుంది.

2017లో మరో సంగతి కూడా పనిచేసింది. 2016 జులై 4న కెవిన్ డ్యూరాంట్ థండర్‌ను వదిలి గోల్డెన్ స్టేట్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాడు. నెల తిరగగానే వెస్ట్‌బ్రూక్ అదే ఊళ్లో ఉంటానని ఒప్పందం పొడిగించుకున్నాడు. అక్కడి నుంచి ప్రతి ట్రిపుల్ డబుల్ ఆ కథకు ఒక పేజీ అయింది. 2017 ఏప్రిల్ 9న డెన్వర్‌లో 50 పాయింట్లు, 16 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లతో 42వది పూర్తి చేసి రాబర్ట్‌సన్ రికార్డు దాటాడు, అదే మ్యాచ్‌ను చివరి క్షణంలో చాలా దూరం నుంచి వేసిన మూడు పాయింట్ల షాట్‌తో 106-105గా ముగించాడు. ఆ షాట్‌తో డెన్వర్ ప్లేఆఫ్స్ (సీజన్ తరువాత జరిగే టైటిల్ పోటీలు) ఆశలు కూడా పోయాయి. అప్పుడు డెన్వర్ తరఫున ఆడుతున్నవాడు యోకిచే. ఓటు కాగితం చేతిలో ఉన్న మనిషి అది చూసి చలించకుండా ఉంటాడా?

మూడో క్వార్టర్

కథ అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. యోకిచ్‌కి అప్పటికే 2021, 2022, 2024లో మూడు ఎంవీపీలు ఉన్నాయి. “ఇతనికే ఎన్నిసార్లు ఇస్తాం” అనే విసుగు ఓటర్లలో లేదంటారా? 1997లో చికాగో 69 గెలిచినా మైకేల్ జోర్డాన్‌ను కాదని 64 గెలిచిన యూటా ఆటగాడు కార్ల్ మలోన్‌కు 986కు 957 పాయింట్లతో ఇచ్చారు. అది విసుగు కాక మరేమిటి?

అంకెల అప్పారావు

1997 విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ విసుగే నియమమైతే లెబ్రాన్ జేమ్స్ సంగతి ఏం చెప్పాలి? 2009, 2010, 2012, 2013లో ఐదేళ్లలో నాలుగు గెలిచాడు. నాలుగోసారి 121 మొదటి స్థానం ఓట్లలో 120 అతనికే పడ్డాయి. తిరుగులేని పోటీదారు ఎదురుగా లేనప్పుడు విసుగు ఎవరికీ గుర్తుకు రాదు. ఎదురుగా మంచి కారణం ఉన్నప్పుడే అది తోడవుతుంది. యోకిచ్ విషయంలో ఆ 29 మంది నాలుగోసారి కూడా రాశారు కదా.

ఇందూరు కుర్రాడు

ఈ వేదికకు కొత్తవాడిని, పెద్దలు మన్నించాలి. ప్లేఆఫ్స్ రెండో దశలో ఏడో మ్యాచ్‌లో థండర్ 125-93తో డెన్వర్‌ను చిత్తు చేసింది, షే 35 పాయింట్లు కొట్టాడు. మూడు రోజుల తరువాత మే 21న పురస్కారం ప్రకటించారు. ఎదురుబొదురుగా ఎవరు మెరుగో అప్పుడే తేలిపోయింది కదా, ఇంకా చర్చ ఎందుకు?

డల్లాస్ బాబాయి

స్వాగతం బాబూ. ప్రకటన అప్పుడు వచ్చింది గానీ, ఓట్లు రెగ్యులర్ సీజన్ ముగిసి ప్లేఆఫ్స్ మొదలయ్యేలోపే వేసేస్తారు. ఏడో మ్యాచ్ ఫలితం ఏ ఓటునూ మార్చలేదు. 2017లో ఇది తిరగబడి కనిపించింది. మొదటి దశలోనే హార్డెన్ జట్టు వెస్ట్‌బ్రూక్ జట్టును 4-1తో ఇంటికి పంపింది, అయినా జూన్ 26న వేదికెక్కి ట్రోఫీ అందుకున్నది వెస్ట్‌బ్రూకే.

ఇందూరు కుర్రాడు

ధన్యవాదాలు బాబాయి గారూ. అలాగైతే రెగ్యులర్ సీజన్‌లో వీరిద్దరూ తలపడ్డ మ్యాచ్‌లే చూడాలి. మార్చి 9న ఓక్లహోమా సిటీలో షే 40 కొట్టి గెలిపించాడు. మరునాడు అదే మైదానంలో యోకిచ్ 35 పాయింట్లు, 18 రీబౌండ్లతో డెన్వర్‌ను 140-127తో గెలిపించాడు. సీజన్ మొత్తం మీద నాలుగు మ్యాచ్‌లలో చెరి రెండు. ఇక్కడ కూడా తేలలేదు.

విశాఖ కోచ్

కుర్రాడు మంచి మాట అన్నాడు. దానికి తోడుగా మరొకటి కలుపుతాను. చర్చలో ఎవరూ డిఫెన్స్ గురించి గట్టిగా మాట్లాడలేదు. షే మ్యాచ్‌కు 1.7 స్టీల్స్ (ఎదుటివాడి బంతి లాక్కోవడం), ఒక బ్లాక్ (షాట్‌ను చేత్తో అడ్డుకోవడం) చేశాడు. గార్డుకు ఒక బ్లాక్ అంటే చిన్న విషయం కాదు. లీగ్‌లో అత్యుత్తమ డిఫెన్స్ థండర్‌దే. లు డోర్ట్ వంటి మొండి కాపలాదారు ఎదుటి జట్టులోని ముఖ్యమైన ఆటగాణ్ని పట్టుకోవడం వల్ల షేకి కొంత వెసులుబాటు దొరికిందన్నది నిజం, కానీ అతను ఆ వెసులుబాటును దాక్కోవడానికి వాడుకోలేదు. యోకిచ్ చేతులు చురుకైనవి, 1.8 స్టీల్స్ ఉన్నాయి, బంతి ఎక్కడికి వస్తుందో ముందే పసిగడతాడు. అయితే బుట్ట దగ్గర ఎగిరి అడ్డుకోవడం అతని వల్ల కాదు, వేగంగా దూసుకొచ్చే గార్డ్ ఎదురైతే ఇబ్బంది పడతాడు. ఆట రెండు వైపులా కొలిస్తే తేడా నాకు ఇక్కడ కనిపిస్తోంది.

కృష్ణాతీరం

ఈ వాదన నన్ను కదిలించింది కోచ్ గారూ. అయినా ఒక్కటి చెప్పనివ్వండి. యోకిచ్ ఆ సీజన్‌లో పాయింట్లలో మూడో స్థానం, రీబౌండ్లలో మూడో స్థానం, అసిస్ట్‌లలో రెండో స్థానంలో నిలిచాడు. అంటే పాయింట్లలో షే, యానిస్ తప్ప అతని ముందు ఎవరూ లేరు. అసిస్ట్‌లలో ట్రే యంగ్ ఒక్కడే ఉన్నాడు. మూడు ప్రధాన విభాగాల్లోనూ మొదటి ముగ్గురిలో ఒకే మనిషి ఉండడం చూస్తే, డిఫెన్స్‌లో ఉన్న లోటు దీన్ని మింగేస్తుందని అనిపించడం లేదు.

ఉదయం ఆరున్నర

మింగేయనవసరం లేదు, కాస్త వెనక్కి లాగితే చాలు. పాత సంగతి ఒకటి చెప్పి నా వాదన ఆపుతాను. 1961-62లో రాబర్ట్‌సన్ 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్ట్‌లు సాధించాడు. అదే ఏడాది విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు కొట్టాడు, ఒక మ్యాచ్‌లో 100 కొట్టాడు. పురస్కారం ఎవరికి వెళ్లింది? 80 మ్యాచ్‌లలో 60 గెలిచిన బోస్టన్ సెంటర్ బిల్ రస్సెల్‌కు. అప్పట్లో ఓట్లు వేసినవారు పాత్రికేయులు కాదు, ఆటగాళ్లే. రాత్రి చాంబర్లిన్ చేతిలో యాభై తిన్నవారే పొద్దున లేచి రస్సెల్ పేరు రాశారు. ట్రిపుల్ డబుల్ సగటు సాధించి ఓడిన మొదటివాడు రాబర్ట్‌సన్, యోకిచ్ కాదు. వింత ఏదైనా ఉంటే అది 2017లోనే ఉంది.

సీమ గార్డ్

ఇదెవరూ చెప్పలేదేమిటి! ఆటగాళ్లే ఓటు వేస్తే ఇప్పుడు కూడా ఫలితం మారుతుందేమో. షేని ఫౌల్ చేసి బెంచీకి వెళ్లిన ప్రతి కాపలాదారూ యోకిచ్ పేరు రాస్తాడు.

నిర్వాహకులు

ఆటగాళ్లు ఎవరి పేరు రాస్తారో ఊహించే చర్చ వేరే చోట నడుస్తోంది. ఇక్కడ ఎవరి ఓటు కాగితం వారు రాయాలని మనవి. ఐదు పేర్లు, వరుస క్రమంలో.

మూడో క్వార్టర్

యోకిచ్, షే, యానిస్, టేటమ్ (బోస్టన్), మిచెల్ (క్లీవ్‌ల్యాండ్).

అంకెల అప్పారావు

షే, యోకిచ్, యానిస్, టేటమ్, మిచెల్. ఓటర్లు ఇచ్చిన వరుస కూడా ఇదే. 30.4 పాయింట్లు, 11.9 రీబౌండ్లు సాధించిన యానిస్ గురించి ఇంత చర్చలో ఫ్రీ త్రోల ప్రస్తావనకు మించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. మరే ఏడాదైనా అయి ఉంటే ఆ అంకెలతో మొదటి స్థానానికి గట్టిగా పోటీ పడేవాడు. మిల్వాకీ 48 దగ్గర ఆగిపోయింది, పైన ఇద్దరు ఇలా ఉన్నారు.

విశాఖ కోచ్

షే, యోకిచ్, యానిస్ వరకు అప్పారావు గారి వరుసే. నాలుగో స్థానం మాత్రం డొనోవన్ మిచెల్‌కు ఇస్తాను. క్లీవ్‌ల్యాండ్ వరుసగా 15 విజయాలతో సీజన్ మొదలుపెట్టి 64 గెలిచింది. మిచెల్ తన పాయింట్లు 24కు తగ్గించుకుని, డేరియస్ గార్లండ్‌కూ ఎవాన్ మోబ్లీకీ బంతి వదిలిపెట్టాడు. అంకెలు తగ్గించుకోవడం వల్ల జట్టు పెరిగిన సందర్భం ఇది. ఓటర్లు దాన్ని ఐదో స్థానంతో సరిపెట్టారు.

డల్లాస్ బాబాయి

కోచ్ గారూ, అలాగైతే 61 గెలిచిన బోస్టన్‌లో 26.8 పాయింట్లు, 8.7 రీబౌండ్లు, 6 అసిస్ట్‌లు సాధించి, ఎదుటి జట్టులో గార్డ్ నుంచి సెంటర్ దాకా ఎవరినైనా కాచిన జేసన్ టేటమ్ ఏం తప్పు చేశాడు? మూడు విజయాల తేడాకు ఆ అంకెలన్నీ వదిలేస్తారా? పైన యోకిచ్ విషయంలో పద్దెనిమిది విజయాల గురించి వాదించాం, ఇక్కడ మూడింటితో తేల్చేస్తే ఎలా? మీ నాలుగో పేరు మార్చుకోండి, లేదా మొదటి పేరుకు మీరు చూపించిన కారణం మరోసారి వివరించండి.

విశాఖ కోచ్

మార్చుకోను బాబాయి గారూ. మొదటి పేరు దగ్గర నేను విజయాల లెక్క తీయలేదు, ఆట రెండు వైపులా చూశాను. నాలుగో పేరు దగ్గర సహచరుల ఆట మీద అతని ప్రభావం చూశాను. గార్లండ్ అంతకు ముందు సీజన్‌లో ఎలా ఆడాడో, ఈ సీజన్‌లో ఎలా ఆడాడో రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి, తరువాత మాట్లాడుకుందాం.